సరేసు గిన్నె నుంచి బంపర్ అతుకు దాకా

మా నాయన దగ్గర ఒకదాంట్లో ఒకటి కూర్చునే రెండు గిన్నెలుండేవి. పెద్ద గిన్నెలో నీళ్లు, చిన్న గిన్నెలో సరేసు. చలికాలం పొద్దున్నే ఇంటి ముందు చెక్కపొట్టు రాజేసి, మూడు రాళ్ల మీద ఆ జోడు గిన్నెలు పెట్టేవాడు. రాత్రి నానబెట్టిన తేనెరంగు బిళ్లలు తెల్లారేసరికి ఉబ్బి మెత్తబడి ఉండేవి. నీళ్లు కాగేకొద్దీ అవి కరిగి బెల్లం పాకంలా సాగేవి. తోళ్లు, ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురు కదా, వాడంతా వాసన. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "నీ గిన్నెలు చాయ్ పొయ్యి కాడికి మాత్రం తేకు" అని కేకేసేది.

నాయన చూపుడువేలితో ఒక చుక్క తీసి, బొటనవేలికి ఆనించి మెల్లగా విడదీసేవాడు. రెండు వేళ్ల నడుమ సన్నటి దారం తెగకుండా సాగితే పాకం కుదిరినట్టు. తెగితే ఇంకాసేపు ఆగాలి. నేరుగా మంట మీద పెడితే సరేసు మాడి పట్టు పోతుందనీ, నీళ్ల గిన్నె అందుకే అడ్డం ఉందనీ నాకు ఏడేళ్లప్పుడే చెప్పాడు.

ఇప్పుడు నాకు యాభై తొమ్మిదేళ్లు. బాన్సువాడలో బోధన్ రోడ్డు మీది షెడ్డులో నేను చేసేది ప్లాస్టిక్ పని. పగిలిన బంపర్లు, చెవులు విరిగిన హెడ్‌లైట్లు, డాష్‌బోర్డులు, బైకుల సైడ్ ప్యానెళ్లు. రోజుకు ఇద్దరైనా అడుగుతారు: "అన్నా, దీనికి ఏ గమ్ము మంచిది?" నేను ఎదురు అడుగుతాను: "ఇది ఏ ప్లాస్టిక్?" వాళ్లు నా మొహం చూస్తారు. మా నాయన "ఏ చెక్క?" అని అడిగితే జవాబు చెప్పలేని రైతు ఈ చుట్టుపక్కల ఉండేవాడు కాదు. టేకా, తుమ్మా, మద్దా, మామిడా, చేతిలోకి తీసుకుంటే చాలు చెప్పేవాడు. ప్లాస్టిక్ వచ్చాక మన చేతులకు ఆ ఎరుక పోయింది. మా ఊళ్లో అతుకు పని చరిత్ర రాయాలంటే ఆ ఎరుక ఎట్లా పోయిందో, మళ్లీ ఎట్లా సంపాదించుకున్నామో రాయాలి.

బాన్సువాడ ప్రాంతానికి బండ్ల పని తెచ్చింది మంజీర మీద కట్టిన నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పనితనం. కాలువ నీళ్లు పారినచోట వరి, చెరుకు వచ్చాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చెరుకు మొయ్యాలంటే బండ్లు కావాలి, బండ్లు కావాలంటే వడ్లవాళ్లు కావాలి. మా తాత అట్లా ఈ పనిలో స్థిరపడ్డాడు. కాలువ కింద భూములు కొనుక్కొని కోస్తా నుంచి వచ్చిన రైతులు వర్ని, బీర్కూరు చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ల వెంట వడ్రంగులూ వచ్చారు. మేం సరేసు అనేదాన్ని వాళ్లు వజ్రం అనేవారు. నాయనకు ఆ మాట బాగా నచ్చింది. తర్వాత మా తెలుగు సారు చెప్పాడు, ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వజ్రలేపం మీద ఒక అధ్యాయమే ఉందని. పచ్చి వెలగకాయలు, బూరుగు పూలు, ఇంకా గింజలు, బెరడు వేసి, నీళ్లు ఎనిమిదో వంతుకు దిగేదాకా మరిగించి, గుగ్గిలం లాంటి బంకలు కలిపి, గుడి గోడలకూ విగ్రహాలకూ వేడివేడిగా పట్టించేవారట. పశువుల కొమ్ములు, తోళ్లు వేసి కాచే లేపం కూడా అందులో ఉంది. అంటే మా నాయన గిన్నెలోది కనీసం పద్నాలుగు వందల ఏళ్ల పాత వంట.

ఒక్క సరేసే కాదు. గోదావరి అవతల నిర్మల్‌లో పొణికి చెక్క బొమ్మలకు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూస్తారు. కాగితాలకు తుమ్మబంక. సినిమా పోస్టర్లకు మైదా లై. కత్తి పిడిలో దిగ్గొట్టడానికి లక్క. దేనికి ఏది అని ఎవరూ అడగనక్కర లేదు, అందరికీ తెలుసు. లక్కను పక్కన పెడితే ఈ పాత జిగుర్లన్నిటిలో ఒక గుణం ఉమ్మడిగా ఉంది: అతికే వస్తువు జిగురును కొంచెం పీల్చుకోవాలి. చెక్క పీలుస్తుంది, కాగితం పీలుస్తుంది, తోలు పీలుస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1959లో బల్వంత్ పారేఖ్ తెల్ల జిగురును ఫెవికాల్ పేరుతో తెచ్చాడు. ఆయన లా చదివి కూడా ఒకప్పుడు కలప వ్యాపారి దగ్గర నౌకరీ చేసి, ఆ గోదాములోనే కాపురం ఉన్న మనిషి. సరేసు కాచడానికి వడ్రంగి పడే తిప్పలు చూసినవాడు. మా ఇంటికి ఆ డబ్బా నేను నాలుగో తరగతిలో ఉండగా వచ్చింది. నాయన వెంటనే నమ్మలేదు. రెండు టేకు ముక్కల్ని ఫెవికాల్‌తో, రెండింటిని సరేసుతో అతికించి, వానాకాలమంతా చూరు కింద వేలాడదీశాడు. తడికి సరేసు అతుకు వదిలింది. దసరా నాటికి గిన్నెలు అటకెక్కాయి. పెద్ద గిన్నె ఇప్పటికీ నా దగ్గర ఉంది, అందులో నట్లు బోల్టులు వేసుకుంటాను.

మోటారు బండ్ల సంగతికి వస్తాను. నిజాం రైల్వే వారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆ కాలపు బస్సులూ లారీలూ ఇంజనూ చాసీ తప్పిస్తే చాలావరకు చెక్క, రేకు. నాయన బండ్ల నుంచి లారీ బాడీలకు మారడానికి పెద్దగా కష్టపడలేదు. తర్వాత వచ్చిన అంబాసిడర్ అంతా ఇనుము. బంపర్ మీద క్రోమ్ పూత. చెట్టుకు గుద్దితే బంపర్ వంగుతుంది, డెంటర్ సుత్తితో కొట్టి సరిచేస్తాడు. గమ్ముతో పనే లేదు. డీజిల్ ట్యాంకు కారితే డ్రైవరే బట్టల సబ్బు మెత్తగా నలిపి పూసి ఊరు చేరేవాడు, సబ్బు డీజిల్‌లో కరగదు కాబట్టి. ఆ తర్వాత ఎం-సీల్ వచ్చింది. రెండు ముద్దలు రంగు ఒక్కటయ్యేదాకా పిసికి పెడితే రాయవుతుంది.

నాకు జిగురు పని నిజంగా నేర్పింది బస్టాండు పక్కన పంచర్ దుకాణం చాచా. ఎండాకాలం సెలవుల్లో ఆయన దగ్గర కూర్చునేవాణ్ని. ట్యూబుని ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ రాసి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నేను ప్యాచీ పెట్టబోతే చేయి పట్టుకుని ఆపేవాడు. "తడిగా ఉన్నప్పుడు పెడితే జారుతుంది బేటా, ఆరనీ." వేలితో ముట్టుకుంటే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు ప్యాచీ పెట్టి సుత్తితో తట్టేవాడు. శుభ్రం చెయ్యడం, గరుకు చెయ్యడం, ఆగడం. ఈ మూడూ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆయన దగ్గర చూశాను.

ఇక ప్లాస్టిక్. బండ్లలో అంతకుముందూ కొంత ఉంది. డిస్ట్రిబ్యూటర్ మూత బేకలైట్. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన గట్టి ప్లాస్టిక్ అది. వేడికి కరగదు, విరిగితే అరల్డైట్ జిగురు పట్టుకుంటుంది. అసలు మార్పు మారుతితో వచ్చింది. 1983 డిసెంబర్ 14న ఢిల్లీలో మొదటి మారుతి 800 తాళం చెవులు ఇచ్చారు. 1984లో ప్లాస్టిక్ ఒంటితో కైనెటిక్ హోండా స్కూటర్ వచ్చింది. 1994లో స్ప్లెండర్ వచ్చి ఊరూరా తిరిగింది. బాన్సువాడలో రైస్ మిల్లు సేట్ల ఇళ్ల ముందు అంబాసిడర్లు పోయి, నల్ల ప్లాస్టిక్ బంపర్ల మారుతులు నిలబడ్డాయి. నేను హైదరాబాద్‌లో డెంటింగ్ నేర్చుకొని 1991లో ఊరికి తిరిగొచ్చేనాటికి కార్ల సంగతి ఇది.

ఆ రోజుల్లో ఒక మిల్లు సేటు మారుతి బంపర్ తెచ్చాడు. ఎడమవైపు జానెడు పగులు. నేను చాచా చెప్పినట్టే పెట్రోలుతో తుడిచాను, ఎమరీ కాగితంతో గీకాను, అరల్డైట్ రెండు ట్యూబులూ సమానంగా కలిపి పెట్టాను, రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే గోరు దిగనంత గట్టిగా ఉంది. సంతోషంగా బిగించి పంపాను. మూడో రోజు ఆయన పిట్లం నుంచి తిరిగొచ్చి బంపర్ చూపించాడు. పగులు తెరుచుకుంది. నేను పెట్టిన అరల్డైట్ పాల మీద మీగడ తీసినట్టు ఒక్క పొరగా ఊడి చేతికొచ్చింది. దాని వెనకవైపు నునుపుగా మెరుస్తోంది. జిగురు ఎక్కడా తెగలేదు, ప్లాస్టిక్ ఎక్కడా చిరగలేదు. ఆ రెండూ ఒకదాన్నొకటి అసలు పట్టుకోనే లేదు. ఆ పొరను నేను చాలా ఏళ్లు డబ్బాలో దాచుకున్నాను.

ఆ బంపర్‌ను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సారు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చెంబులో వేలు ముంచి ఒక చుక్క బంపర్ మీద వేశాడు. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడింది. పక్కనున్న చెక్క బల్ల మీద వేశాడు. పరుచుకుని ఇంకింది. "జిగురు కూడా ముందు ఇట్లా పరుచుకోవాలి, అప్పుడే పట్టుకుంటుంది. ఇది పాలీప్రొపిలీన్. దీని మీద ఏదీ పరుచుకోదు" అన్నాడు. పాలీప్రొపిలీన్‌ను 1954లో ఇటలీలో జూలియో నట్టా తయారుచేశాడని, దానికి కారల్ జీగ్లర్‌తో కలిపి 1963లో నోబెల్ ఇచ్చారని కూడా ఆయనే చెప్పాడు. తేలిక, చవక, దెబ్బకు వంగి మళ్లీ లేస్తుంది, ఆసిడ్‌కూ ఆయిల్‌కూ లొంగదు. బంపర్‌కు అంతకన్నా ఏం కావాలి? ఏదీ అంటుకోకపోవడమూ ఆ సుగుణాల్లో ఒకటే. దాన్ని అతికించాల్సిన వాడికి మాత్రం అదే గండం.

సారు బంపర్‌ను తిరగేసి లోపలివైపు వేలు పెట్టి చూపించాడు. బాణం గుర్తుల నడుమ చిన్న అక్షరాలు: పీపీ. అన్నేళ్లుగా నా చేతుల మీదుగా పోయిన బంపర్లన్నిటి వెనకా ఇట్లాంటి అక్షరాలు ఉండొచ్చనీ, నేను ఒక్కసారీ చదవలేదనీ అప్పుడు తెలిసింది. ఆ రాత్రి షెడ్డులో ఉన్న తుక్కంతా తిరగేసి టార్చి వేసి చూశాను. కొన్నిటి మీద ఏమీ లేదు. కొన్నిటి మీద పీపీ, కొన్నిటి మీద ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్ పేరు. తర్వాత్తర్వాత పీపీ ప్లస్ ఈపీడీఎం టీడీ20 లాంటి పొడుగు రాతలు వచ్చాయి. పాలీప్రొపిలీన్‌లో రబ్బరు కలిపారని, నూటికి ఇరవై పాళ్లు టాల్క్ పొడి ఉందని అర్థం. ఐఎస్‌ఓ 11469 అనే ప్రమాణం ప్రకారం వేసే గుర్తులివి. తుక్కును ఏరి కరిగించేవాళ్ల కోసం పెట్టారు. నాకు మాత్రం నాయన చెక్కను వేళ్లతో నిమిరి చెప్పిన ఎరుక మళ్లీ దొరికినట్టనిపించింది.

అక్షరాలు చెరిగిపోతే ఏం చెయ్యాలి? చిన్న ముక్క గీకి నీళ్లలో వెయ్యొచ్చు. పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. కానీ టాల్క్ కలిపిన పీపీ కూడా మునుగుతుంది, అందుకే ఈ ఒక్క పరీక్షను నమ్మను. ఆరుబయట, గింజంత ముక్కను పట్టకారుతో పట్టి అగ్గిపుల్ల చూపిస్తాను. పీపీ మైనపొత్తిలా కాలుతుంది, వాసన కూడా కొవ్వొత్తిదే. ఏబీఎస్ నల్లటి మసి పొగలు కక్కుతుంది. నైలాన్ కాలితే కాలిన కొమ్ము వాసన. ఆ వాసన వచ్చిన ప్రతిసారీ నాకు మాడిన సరేసు గిన్నె గుర్తొస్తుంది.

ప్లాస్టిక్ పేరు తెలిశాక పని సగం అయిపోయినట్టే. ఏబీఎస్ మంచి గుణం ఉన్నది. బైకుల సైడ్ ప్యానెళ్లు చాలావరకు అదే. అసిటోన్ దాన్ని కరిగిస్తుంది. పాత ఏబీఎస్ ముక్కల్ని సీసాలో వేసి అసిటోన్ పోసి మూత బిగిస్తే తెల్లారేసరికి పెరుగంత చిక్కగా అవుతుంది. విరిగిన అంచులకు దాన్ని రాసి కలిపితే రెండు ముక్కలూ ఒకదాంట్లోకి ఒకటి కరిగి ఒక్కటవుతాయి. జిగురు ఆరిపోయాక అక్కడ జిగురే మిగలదు, ఉండేదంతా ఏబీఎస్సే. పీల్చుకోవాలి అన్నాను చూడండి, చెక్క సరేసును పీల్చుకున్నట్టు ఇక్కడ ప్లాస్టిక్ పీల్చుకుంటుంది.

ఫెవిక్విక్ సంగతి చెప్పకపోతే ఊరుకోరు. ఆ జాతి జిగురు, సయనోఅక్రిలేట్, పుట్టింది 1942లో. కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది ప్రతిదానికీ అంటుకుపోయి విసిగించింది, పక్కన పడేశారు. 1951లో అది మళ్లీ వాళ్ల చేతికే చిక్కితే విలువ గ్రహించారు, 1958లో అమ్మకానికి పెట్టారు. గాలిలోని తేమ తగిలితే గట్టిపడుతుంది. అందుకే మా దగ్గర వానాకాలంలో చిటికెలో పట్టేది మే నెల పొడిగాలికి తాత్సారం చేస్తుంది. విరిగిన అంచులు కరెక్టుగా కూర్చుంటే ఏబీఎస్ మీద బాగా పనిచేస్తుంది. పీపీ మీద ప్రైమర్ లేకుండా పనిచెయ్యదు. హెడ్‌లైట్ అద్దాల దగ్గర వాడితే దాని ఆవిరి తెల్లటి పొరలా పేరుకుంటుంది, సులువుగా పోదు. ఇంకొకటి: కారిన ఫెవిక్విక్‌ను నూలుగుడ్డతో, దూదితో తుడవకండి. దూదికి తగిలితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. మా షెడ్డులో కుర్రాడి తొడ మీద ప్యాంటు గుడ్డకు కారి బొబ్బ లేచింది.

అరల్డైట్ మీద నాకు కోపం లేదు. ఇనుముకు, చెక్కకు, రాయికి, బేకలైట్‌కు దాని పట్టు గొప్పది. తొందరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ కలపడం తప్పు, అట్లా చేస్తే ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. మామూలు అరల్డైట్ 60 డిగ్రీలు దాటితే బలం తగ్గుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారులో డాష్‌బోర్డు అంతకన్నా వేడెక్కుతుంది. చలికాలం అతికించింది ఎండాకాలం ఊడొచ్చిందంటే కారణం అదే.

మరి పీపీ బంపర్ సంగతి? దాన్ని దానితోనే అతికించాలి. నిన్ననే చేసిన పని చెబుతాను. బంపర్ మూల చెవి విరిగింది, దాని పక్కనుంచి నాలుగు వేళ్ల పొడుగు పగులు. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచాను. పగులు చివర రెండు మిల్లీమీటర్ల బెజ్జం వేశాను, లేకపోతే పగులు ముందుకు పాకుతుంది. లోపలివైపు పగులు వెంట నాగలి చాలులా గాడి తీశాను. సన్నటి స్టీలు జాలిని కత్తిరించి, కావియా (సోల్డరింగ్ ఐరన్) మొనతో నొక్కి ప్లాస్టిక్‌లోకి దించాను. తుక్కు బంపర్ నుంచి కోసి పెట్టుకున్న పీపీ పట్టీని కరిగిస్తూ గాడి నింపాను. పీపీ 160 డిగ్రీల పైన కరుగుతుంది. పొగ లేచిందంటే వేడి ఎక్కువైనట్టు, మాడిన ప్లాస్టిక్‌కు బలం ఉండదు. నీళ్ల గిన్నె అడ్డం పెట్టి సరేసు కాచిన నాయన చెయ్యి అప్పుడు నా చెయ్యి మీద ఉన్నట్టే ఉంటుంది. చల్లారాక పైవైపు ఎమరీ కొట్టి, బ్లోల్యాంప్ మంటను చేత్తో విసిరినట్టు ఒక్కసారి మీదుగా పోనిచ్చాను. మంట తగిలిన పొర గుణం మారుతుంది, నీటిబొట్టు పరుచుకుంటుంది, ఆ తర్వాత ప్రైమర్, లప్పం, రంగు నిలబడతాయి. కార్ల ఫ్యాక్టరీల్లో కూడా రంగుకు ముందు బంపర్లకు ఇట్లాగే మంట చూపిస్తారు.

సన్నటి గ్రిల్లులు వేడికి వంకర పోతాయి. వాటికి ప్రైమర్ రాసి, రెండు గొట్టాల్లో వచ్చే పాలీయురెథేన్ జిగురు వాడతాను. ఖరీదెక్కువ. కొన్నిటికి నేను అసలు చెయ్యే పెట్టను. రేడియేటర్ పై ట్యాంకు గాజుపోగు కలిపిన నైలాన్, లోపల ఒత్తిడిలో మరిగే నీళ్లుంటాయి. ప్లాస్టిక్ పెట్రోలు ట్యాంకు పాలీఎథిలీన్. ఎయిర్‌బ్యాగ్ మూత సరిగ్గా తెరుచుకునేట్టు చేసింది. వీటికి కొత్తవి వేసుకోండని చెప్పి పంపేస్తాను, ఎంత డబ్బిస్తామన్నా సరే.

చివరికి ఒక చిన్న సంగతి. ఫెవికాల్ కంపెనీ పిడిలైట్ 2000లో ఎం-సీల్‌ను, 2020లో మన దేశంలోని అరల్డైట్ వ్యాపారాన్ని కొనేసింది. నాయన చూరు కింద పరీక్ష పెట్టిన డబ్బా, లారీ డ్రైవర్లు పిసికిన ముద్ద, నా చేతికి ఊడొచ్చిన ఆ పొర, అన్నీ ఇప్పుడు ఒకే ఇంటివి. దుకాణంలో ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. వాటిలో ఏది తీసుకోవాలో మాత్రం డబ్బా మీద చూస్తే తెలియదు, విరిగిన వస్తువు వెనక చూడాలి.

బండి గుద్దుకున్నప్పుడు అందరూ రోడ్డు మీద పడ్డ పెద్ద ముక్కలే ఏరుకుని వస్తారు. చిన్న పలుకుల్ని, విరిగిన చెవుల్ని అక్కడే వదిలేస్తారు. దయచేసి అవి కూడా ఏరి ఒక కవర్లో వేసి తీసుకురండి. అదే ప్లాస్టిక్ కాబట్టి కరిగించి గాడిలో నింపడానికి పనికొస్తాయి. బంపర్ మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటే, ఒక్కోసారి ఆ చిన్న ముక్క మీదే ఉంటాయి.